పదహారు ముక్కల నాటకం

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాన్రా. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ తాతగారి నాటకం వీడియో పదహారు ముక్కలూ వరసగా పేర్చి ఎక్స్‌పోర్ట్ కొట్టావు. అదేమో ఏడు గంటలు అంటోంది, ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోందని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. ముందు క్యాన్సిల్ నొక్కు. మీ తాతగారి నాటకంలో నువ్వు కత్తిరించేదీ లేదు, చేర్చేదీ లేదు. ముక్కలు కలపాలి, అంతేగా?

ఎక్స్‌పోర్ట్ అంటే ప్రతి ఫ్రేమునీ విప్పి మళ్లీ కుదించి కట్టడం. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున మూడు గంటలకి 2,70,000 బొమ్మలు. ఇంతా చేస్తే వచ్చేది అసలు దానికంటే కాస్త మసకే. కుట్లు ఊడిన పుస్తకాన్ని బైండింగుకి ఇస్తాం గానీ, కూర్చుని మొత్తం తిరగరాస్తామా? రీ-ఎన్‌కోడ్ చెయ్యకుండా ఉన్నదున్నట్టు కలిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నేను వాడేది లాస్‌లెస్‌కట్. లోపల పనంతా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్లతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్ చేస్తుంది, పైన బటన్లుంటాయి కాబట్టి నీకు కమాండ్ల బాధ లేదు. గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

కెమెరా వీడియోని ఇన్ని ముక్కలుగా ఎందుకు తెంపిందని అడిగావు. కార్డులో ఫైళ్లు దాచే పద్ధతులు కొన్నున్నాయి. పాత ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. నీ 128 జీబీ కార్డుది ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతి, దానికి ఆ ఇబ్బంది లేదు. అయినా కొన్ని కెమెరాలు పాత అలవాటు మానవు. నువ్వు 50 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 50 మెగాబిట్ల చొప్పున తీశావు కాబట్టి 4 జీబీకి పదకొండు నిమిషాల చిల్లర. మూడు గంటలకి పదహారు ముక్కలు, అన్నీ కలిపి 63 జీబీ. లెక్క సరిపోయింది, ఏ ముక్కా పోలేదు. ముందు ఈ లెక్క చూసుకోవడం అలవాటు చేసుకో.

ఇక వరస. ఇక్కడే నా పరువు పోయింది ఒకసారి. ఒక పెళ్లి వీడియోకి ముక్కల పేర్లు 1, 2, 3 అని పెట్టుకున్నాను. ఫోల్డర్‌లో చక్కగా వరసలోనే కనిపించాయి. కలిపే సాఫ్ట్‌వేర్ మాత్రం 1 తర్వాత 10, 11, 12 తీసుకుని, ఆ తర్వాత 2కి వచ్చింది. తలంబ్రాలు అయిపోయాక జీలకర్ర బెల్లం! మేమెవరమూ చూసుకోలేదు. పెళ్లికూతురి నాయనమ్మ పట్టుకుంది. అప్పటి నుంచి 01, 02 అనే పెడతాను. నువ్వూ అలాగే మార్చు. గోప్రో అనే చిన్న కెమెరాతో తీసినప్పుడు ఇంకా జాగ్రత్త. దాని పేర్లలో ముక్క నంబరు ముందుంటుంది, షాట్ నంబరు వెనకుంటుంది. పేరు వరసన పేరిస్తే రెండు షాట్లు కలగాపులగం అవుతాయి.

ముక్కలన్నీ ఒకే కెమెరావి, ఒకే సెట్టింగువి అయితేనే ఈ కలపడం కుదురుతుంది. అనుమానముంటే మీడియాఇన్ఫో అనే, ఫైలు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడు. కోడెక్ (వీడియోని కుదించిన పద్ధతి), సైజు, ఫ్రేమ్ రేటు, ఆడియో 48,000 హెర్ట్జా కాదా, ఇవి చాలు. మీ చెల్లి ఫోన్లో తీసిన మేకప్ గది క్లిప్ మొదట్లో పెట్టమంటోంది కదా, అది సెకనుకి 30 ఫ్రేములది. ఫోన్లు ఆ ముప్పైని కూడా నిలకడగా తియ్యవు. దాన్ని ఇందులో ఇరికిస్తే ఆ తర్వాత పెదాలొకటి, మాటొకటి అయ్యే ప్రమాదముంది. దాన్ని వేరే ఫైలుగా ఉంచి ఇద్దాం, చెల్లికి నేను చెప్తాలే.

కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండుకి స్లాష్ బీ (/b) పెట్టి ఫైళ్లని ఒకదాని వెనక ఒకటి అంటించి కలిపేయొచ్చని నీకు ఎవరో చెప్పే ఉంటారు. డీవీడీల రోజుల్లో వాటిలో ఉండే వీఓబీ వీడియో ఫైళ్లకి నేనూ అదే చేసేవాణ్ణి, పనిచేసేది. ఆ ధీమాతో మూడు ఎంపీ4 వీడియో ముక్కలు అలాగే కలిపాను. ఫైలు 12 జీబీ వచ్చింది, మురిసిపోయాను. తీరా ప్లే చేస్తే పదకొండు నిమిషాలకే ఆగిపోయింది. ఎంపీ4లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. మూడు ముక్కలకీ మూడు పట్టికలు కదా, ప్లేయర్ మొదటిది చదివి ఊరుకుంది. లాస్‌లెస్‌కట్ లాంటివి ఆ పట్టికలన్నిటినీ కలిపి కొత్తది రాస్తాయి.

ఆ కొత్త పట్టిక రాసేది ఆఖర్నే. అందుకే మధ్యలో కరెంటు పోతే 60 జీబీ ఫైలున్నా తెరుచుకోదు. వేసవి కోతలు తెలుసు కదా, బ్యాటరీ నిండా ఉంచి, స్లీప్ మోడ్ తీసేసి మొదలుపెట్టు. డిస్కులో ఇంకో 63 జీబీ ఖాళీ ఉండాలి, పది ఎక్కువే ఉంచుకో. ఎస్‌ఎస్‌డీ మీద ఐదారు నిమిషాల పని. ఆ పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ మీదైతే చదవడమూ రాయడమూ అదే చెయ్యాలి కాబట్టి అరగంట పట్టినా కంగారు పడకు.

అయ్యాక మొత్తం నిడివి ముక్కల కూడికకి సరిపోయిందా చూడు. తర్వాత అతుకుల దగ్గర విను. చూడమనడం లేదు, వినమంటున్నాను, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నువ్వు పంపిన ఏడో ముక్క చివర తాతగారు పద్యం ఎత్తుకుని రాగం తీస్తున్నారు, ఎనిమిదో ముక్క ఆ రాగం మధ్యలోనే మొదలవుతోంది. డైలాగు దగ్గర అతుకులో చిన్న కుదుపుంటే ఎవరికీ తెలియదు. రాగంలో హార్మోనియం శృతి సాగుతూ ఉంటుంది, ‘టిక్’మంటే చెవికి గుచ్చుకుంటుంది. అలా వినిపిస్తే ఫైలు పారెయ్యకు. ఆ అతుకొక్కటీ ఎడిటింగ్‌లో సరిచేసే దారి ఉంది, దగ్గరుండి చూపిస్తా. చివరి పది నిమిషాల్లో పెదాలకీ మాటకీ పొత్తు ఉందో లేదో కూడా చూసుకో.

తాతగారి టీవీకి పెన్‌డ్రైవ్ అంటున్నావు. ఆ పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదవకపోవచ్చు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో నీ పెద్ద ఫైలు పట్టదు. కలిపిన ఫైలుని హ్యాండ్‌బ్రేక్ అనే, వీడియోని కుదించే సాఫ్ట్‌వేర్‌లో వేసి, 720పీలో, 2.5 ఎంబీపీఎస్ దగ్గర ఒక చిన్న కాపీ చెయ్యి. మూడున్నర జీబీ లోపే వస్తుంది. ఇది మాత్రం గంటల పనే, రాత్రి పెట్టి పడుకో. నీ ఎక్స్‌పోర్ట్ సరదా ఇక్కడ తీర్చుకో.

పదహారు ముక్కలూ ఇంకో డిస్కులోకి కాపీ చేసి పెట్టు. కార్డు మాత్రం నేను వచ్చేదాకా ఫార్మాట్ చెయ్యకు. ఆదివారం పొద్దున్నే బస్సుకి వస్తున్నాను. ఏడూ ఎనిమిది ముక్కల అతుకు ఇద్దరం కలిసి విందాం.

మీ మావయ్య