కాన్పు ముందుంటే ప్లాటు వెనక్కి

ప్రశ్న: నెల జీతం 65 వేలు. నా భార్యకు అయిదో నెల. కవలలని, ఇద్దరికీ మాయ ఒక్కటేనని డాక్టరు చెప్పారు. కంపెనీ బీమా ఉంది. దాచుకున్న 4 లక్షలు ప్లాటుకు అడ్వాన్సుగా ఇచ్చి, ఆసుపత్రికి అవసరమైతే లోన్ యాప్‌లో తీసుకోవచ్చా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ 4 లక్షలను కదపకండి. పిల్లలిద్దరూ క్షేమంగా ఇంటికి చేరేదాకా అది మీ అత్యవసర నిధి. చేతిలో ఉన్న డబ్బును స్థలంలో పెట్టి, కష్టకాలంలో అప్పుకు వెళ్లే పొరపాటు చాలా కుటుంబాల్లో చూస్తున్నాను కాబట్టే మీకు వివరంగా రాస్తున్నాను.

మాయ ఒక్కటే ఉన్న కవలల్లో ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా మళ్లే ప్రమాదం ఉంటుంది గనుక, 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేసి ఉమ్మనీరు, ఎదుగుదల, డాప్లర్‌లో రక్తప్రసరణ చూస్తారు. పిల్లల అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కాన్, పిల్లల గుండెకు ఫీటల్ ఎకో దీనికి అదనం. ఇవన్నీ ఓపీ బిల్లులు, అంటే ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునేవి. చాలా కంపెనీ పాలసీలు వీటిని చెల్లించవు, చెల్లించినా ప్రసూతి పరిమితిలోనే సర్దుతాయి. పిల్లలు నెలలు నిండకుండా పుడితే ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) బిల్లు రోజు లెక్కన, ఇద్దరికీ విడివిడిగా పడుతుంది. మీరు 'బీమా ఉంది' అని ఒక్క ముక్కలో తేల్చేసింది ఈ ఖర్చునే.

రేపే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి, ప్రసూతి పరిమితి ఎంత, శిశువులకు పుట్టిన రోజు నుంచే రక్షణ ఉందా, ఎన్‌ఐసీయూ ఖర్చు ప్రసూతి పరిమితిలోకి వస్తుందా లేక పూర్తి బీమా మొత్తంలోంచి ఇస్తారా, పిల్లల పేర్లు ఎన్ని రోజుల్లో చేర్చాలి అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇప్పుడు బయట కొత్త పాలసీ తీసుకున్నా, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిముకు ఆగాల్సిన గడువు) వల్ల ఈ కాన్పుకు అక్కరకు రాదు.

యాప్ అప్పు ఆలోచన పూర్తిగా మానుకోండి. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుని తక్కువ డబ్బు చేతికిచ్చి, పూర్తి మొత్తానికి వడ్డీ వేసే చోటికి, ఇద్దరు పసివాళ్లను పెట్టుకుని ఎందుకు వెళ్లాలి? నిధి నిజంగా చాలకపోతే బ్యాంకులో బంగారంపై రుణం, లేదా పీఎఫ్ అడ్వాన్సు చూడండి.

లక్ష రూపాయలు సేవింగ్స్ ఖాతాలో ఉంచి, మిగతా మూడింటిని లక్ష చొప్పున మూడు ఎఫ్‌డీలుగా వేయండి. అవసరమైనప్పుడు ఒక్కటే రద్దు చేసుకోవచ్చు. రాత్రివేళ ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సి వచ్చినా ఇబ్బంది పడకుండా ఖాతాను మీ భార్యతో జాయింటుగా మార్చండి. ప్లాటుకు ఇంకా టోకెన్ ఇవ్వకపోతే, ఈ వారమే ఆ యజమానికి వద్దని చెప్పేయండి.