జ్వరం తగ్గింది, నీరసం పెరిగింది... ఇది కరోనాయేనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఖమ్మం దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తాను. అయిదు రోజుల కిందట తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. దగ్గు, జలుబు లేవు. మర్నాడు మా అమ్మాయికీ జ్వరం రావడంతో కరోనాయే అనుకుని విడిగా గదిలో ఉంటున్నాను. పరీక్ష చేయించలేదు. 2021లో కరోనా వచ్చినప్పుడు రాసిచ్చిన చీటీ మీద అజిత్రోమైసిన్, స్టెరాయిడ్ మాత్రలు తెప్పించి వాడుతున్నాను. నిన్నటి నుంచి జ్వరం లేదు కానీ కడుపునొప్పి, వాంతులు. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకెన్ని రోజులు గదిలో ఉండాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఒక్క పూట కూడా వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని మీకు ఫోన్‌లో ముందే చెప్పేశాం. ఇలాగే గది తలుపులు వేసుకుని ఉన్నవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

వానాకాలంలో మన దగ్గర అయిదు రోజుల జ్వరానికి డెంగీ, మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, ఫ్లూ, కరోనా ఏదైనా కారణం కావచ్చు. మొదటి రెండు మూడు రోజులు ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇంట్లో ఇద్దరికి వచ్చినంత మాత్రాన కరోనా కానక్కర్లేదు. ఒకే ఇంట్లో దోమలు నలుగురినీ కుడతాయి కదా!

నన్ను కంగారు పెట్టింది మీ జ్వరం తగ్గడమే. డెంగీలో అసలు ప్రమాదం చాలామందికి జ్వరం దిగాకే, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో మొదలవుతుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, మూత్రం తగ్గిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉండకూడదు. మీకు డెంగీయే అని నేను తేల్చడం లేదు. ఉత్తరం చదివి అలా తేలిస్తే, మీరు చేసిన పనే నేనూ చేసినట్టు. పైగా స్టెరాయిడ్ వేసుకున్నారు కాబట్టి జ్వరం నిజంగా తగ్గిందో, మాత్ర అణిచిపెట్టిందో కూడా చెప్పలేం.

ఆ పాత చీటీ సంగతికి వద్దాం. కరోనాలో కూడా స్టెరాయిడ్ అందరికీ కాదు. ఆక్సిజన్ అవసరమైన రోగులకు డెక్సామెథసోన్ మేలు చేసిందని, అవసరం లేనివాళ్లకు ప్రయోజనం కనిపించలేదని 2020లోనే బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ తేల్చింది. 2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించడంలో అదుపులో లేని షుగర్‌తో పాటు అడ్డూఅదుపూ లేని స్టెరాయిడ్ల వాడకానికీ పెద్ద వాటా ఉంది. అజిత్రోమైసిన్ అయితే వైరస్‌ మీద పనిచేయదు. నొప్పులకని బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి, డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు.

సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) ఈ రోజే చేయించండి. అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు గానీ అదే కాగితం మీద పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) అని ఉంటుంది, అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం. డెంగీకి ఎన్ఎస్1 అనే రక్తపరీక్ష మొదటి అయిదు రోజుల్లో బాగా పనికొస్తుంది, తర్వాత ఐజీఎం అనే పరీక్ష చూడాలి. మీరు సరిగ్గా మధ్యలో ఉన్నారు కాబట్టి రెండూ కావాలి. మలేరియా పరీక్ష పీహెచ్‌సీలో ఉచితమే. వైడాల్ అనే రక్తపరీక్ష ఒక్కటి చూసి టైఫాయిడ్ అని నమ్మొద్దు, మొదటి వారంలో అది తరచూ తప్పుదారి పట్టిస్తుంది. కరోనా పరీక్ష కూడా చేయించండి, నాకేం అభ్యంతరం లేదు.

పొలం పని చేస్తారు కాబట్టి ఇంకొకటి. బట్టలు మార్చుకునేటప్పుడు చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర చూసుకోండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. అది స్క్రబ్ టైఫస్ తెచ్చే చిన్న పురుగు కుట్టిన చోటు. నొప్పి ఉండదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. ఆ జబ్బు త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో లొంగుతుంది.

ఇన్నాళ్లూ గదిలో ఉన్నా దోమతెర కట్టుకోలేదనుకుంటాను. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, మిమ్మల్ని కుట్టిన దోమ ఇంట్లో మరొకరికి అంటించగలదు. మీరు, అమ్మాయి ఇద్దరూ పగటిపూట కూడా తెరలోనే పడుకోండి. ఆసుపత్రికి తనను కూడా తీసుకెళ్లండి, వాడిన మాత్రల అట్టలన్నీ వెంట ఉంచుకోండి. బండి మాత్రం మీరు నడపొద్దు. తోడు ఎవరూ లేకపోతే 108కి ఫోన్ చేయండి.