కొట్టు పెట్టబోతున్న మేనల్లుడికి

చి. అల్లుడికి,

ఆశీస్సులు. ఈ సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, ఎరువులు, పురుగుమందుల కొట్టు తెరుస్తున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. లైసెన్సు, గొడౌను, సరుకు సంగతి కంపెనీవాళ్ళు వచ్చి చెబుతారు. గుమ్మమెక్కిన రైతుని ఎలా చూసుకోవాలో వాళ్ళు చెప్పరు కాబట్టి అది నేను రాస్తున్నాను. రైతుకి మనమిచ్చే మర్యాద అంతా అతని చేను గురించి ఓపిగ్గా వినడంలోనే ఉంది. నవ్వు, కుర్చీ, మంచినీళ్ళు దాని తరవాతే.

రైతు రాగానే "ఏం కావాలండీ" అనకు. అలా అడిగితే పక్క చేనాయన కొట్టిన మందు పేరు చెబుతాడు. "చేను ఎలా ఉందండీ" అని అడిగితే అసలు బాధ చెబుతాడు. ఏ రకం వేశారు, నాటి ఎన్నాళ్ళయింది, చేలో నీరు ఎంత ఉంది, ఇప్పటిదాకా ఏం చల్లారు, ఏం కొట్టారు, ఎన్ని రోజులైంది? ఇవన్నీ తెలిసేదాకా బీరువా వైపు చెయ్యి పోనివ్వకు. ఆకు ఒక్కటే తుంచుకొస్తే చాలదు, వేళ్ళతో సహా దుబ్బు పీకి తెమ్మని ముందే అలవాటు చెయ్యి.

ఉదాహరణకి, నాటిన మూడో వారంలో ఒకాయన వచ్చి వరిచేను ఎర్రబారింది, తెగులు మందు ఇమ్మంటాడు. దుబ్బు చూడు. ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలుండి, మధ్య ఈనె మొదలు దగ్గర పాలిపోయి, చేను అక్కడక్కడా గిడసబారి ఉంటే చాలావరకు అది జింకు లోపం. తెగులు మందు కొడితే డబ్బు దండగ. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు, అంటే ఎకరానికి 200 లీటర్లకి 400 గ్రాములు, ఐదేసి రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేస్తే చేను తేరుకుంటుంది. దాన్ని ఏ పురుగుమందుతోనూ కలపొద్దని చెప్పు. ఈ బేరంలో నీకు మిగిలేది తక్కువే. కానీ పదిహేను రోజుల్లో చేను పచ్చబడితే ఆయన తరవాత వేరే కొట్టు ఎక్కడు.

వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమ సంగతి ఇంకా జాగ్రత్త. దోమ ఉందన్నంత మాత్రాన మందు ఇచ్చెయ్యకు. దుబ్బు మొదలు తట్టి, నీళ్ళ మీద పడిన దోమల్ని లెక్కపెట్టి రమ్మను. పిలకల దశలో దుబ్బుకి 10–15, ఈనిక దశలో, అంటే వెన్ను తీసేటప్పుడు, 20–25 దాటితేనే మందు. పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజీ అయితే ఎకరానికి 120 గ్రాములు. సింథటిక్ పైరిథ్రాయిడు మందులు చవగ్గా వస్తాయి, అడిగేవాళ్ళూ ఉంటారు. అవి దోమను తినే సాలీళ్ళనీ మిరిడ్ నల్లుల్నీ చంపేస్తాయి, దాంతో దోమ ఇంకా రేగుతుంది. ఆ మాట నొచ్చుకోకుండా చెప్పు. "కాలిబాటలు తీశారా, నీరు తీసేశారా" అని కూడా అడుగు. కాలిబాటలంటే చేలో వరసల మధ్య వదిలే ఖాళీ దారులు. దోమ ఉండేది దుబ్బు మొదట్లో. బాటలు లేని చేలో పైపైన కొట్టిన మందు అక్కడికి చేరదు. తరవాత "మీ మందు పని చెయ్యలేదు" అనే మాట మాత్రం నీ దగ్గరికి వస్తుంది.

మోతాదు ఎకరాల్లో చెప్పి ఊరుకోకు, ట్యాంకుల్లో చెప్పు. కాండం తొలిచే పురుగుకి కొట్టే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ ఎకరానికి 60 మిల్లీలీటర్లు. పదహారు లీటర్ల ట్యాంకులు పన్నెండు కొడితే ట్యాంకుకి 5 మిల్లీలీటర్లు పడాలి. ఎనిమిది ట్యాంకులతో ముగించేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు కూడా ఐదే వేస్తే ఎకరానికి 40 మిల్లీలీటర్లే పడుతుంది, పురుగు చావదు. అందుకని "ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొడతారండీ" అని అడిగి, లెక్కకట్టి, డబ్బా మీద పెద్ద తెలుగు అక్షరాలతో మార్కరుతో రాసివ్వు. చదువురానివాళ్ళకి కొలగ్లాసు మీద గీత గీసివ్వు. మందు కొట్టేది కూలివాడు, నీ మాటలు విన్నది రైతు. డబ్బా మీద రాత ఒక్కటే చేలోకి వెళుతుంది.

పిలుపు దగ్గరికొద్దాం. మన గోదావరి జిల్లాల్లో "అండీ" అనడం కొట్టు పెట్టి నేర్చుకునేది కాదు, అందరూ అంటారు. తేడా వచ్చేది కౌలు రైతు దగ్గర. కారు దిగిన ఆసామిని "గారూ" అని, సైకిలు మీద వచ్చినాయన్ని "ఏంటి సుబ్బారావ్" అంటే, కొట్లో ఉన్న నలుగురూ వింటారు. డెల్టాలో చేను చేసేది ఎక్కువగా కౌలుదార్లే, నీ సరుకు కొనేదీ వాళ్ళే. వయసుని బట్టి బాబాయ్ గారూ, పిన్ని గారూ అను, వరస కలిపి పిలువు. ఆడవాళ్ళు వస్తే "మీ ఆయన్ని పంపండి" అన్న మాట నోట రాకూడదు. నారుమడి దగ్గర్నుంచీ చేను చూసేది చాలా ఇళ్ళలో వాళ్ళే.

యూరియా రద్దీలో నీ మర్యాద బయటపడుతుంది. చీటీల మీద వరస నంబర్లు వేసి ఇవ్వు, ఆ వరస ఎవరికోసమూ తప్పకు. నిల్వ ఎంతుందో, ధర ఎంతో బోర్డు మీద రాయడం చట్టప్రకారం ఎలాగూ తప్పదు. పొద్దున్నే తాజాగా రాస్తే పది కిలోమీటర్లు వచ్చినవాడు ఊరికే తిరిగిపోడు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. చిల్లర లేదని 270 తీసుకోకు. యూరియా కావాలంటే ఈ గుళికల మందు కూడా కొనాలని లింకు పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. పెట్టావా, రైతు ఆ రోజు కొంటాడు, ఏడాదంతా తిట్టుకుంటాడు. యూరియా ఇచ్చేటప్పుడు ఆధార్ యంత్రం మీద వేలిముద్ర పడక ఇబ్బందిపడే ముసలాయన్ని నలుగురిలో చిన్నబుచ్చకు. తడిగుడ్డ పక్కన పెట్టుకుని వేలు తుడిపించి, ఇంకో వేలితో ప్రయత్నించు.

అరువు లేకుండా మన వైపు వ్యాపారం సాగదు. వడ్డీ ఎంతో, ఎప్పటినుంచో మొదటి పద్దు రాసే రోజే చెప్పు. ప్రతి పద్దూ పైకి చదివి వినిపించి, తనకో చిన్న పుస్తకం ఇచ్చి అందులోనూ రాయి. ధాన్యం డబ్బు ఖాతాలో పడటానికి ఆలస్యమైతే అందులో రైతు తప్పు లేదు. బాకీ అడగాల్సి వస్తే కొట్లో జనం లేనప్పుడు, గొంతు తగ్గించి అడుగు. టీ దుకాణం దగ్గరా, పెళ్ళి పందిట్లోనూ ఆ ఊసే ఎత్తకు.

ప్రతి సరుక్కీ బ్యాచి నంబరుతో బిల్లు ఇవ్వు, అడగకపోయినా ఇవ్వు. విత్తనాలైతే సంచీ, దాని మీది ట్యాగు, గుప్పెడు గింజలు కోతలయ్యేదాకా దాచమని చెప్పు. మొలక రాకపోతే అవే ఆధారం. మందు పని చెయ్యలేదని వస్తే వాదించకు. బండి తీసి ఆ సాయంత్రమే చేలోకి వెళ్ళు. కొట్టిన గంటకే వాన పడిందేమో, మోతాదు తగ్గిందేమో అక్కడ తెలుస్తుంది. నీ సలహా తప్పయితే మందు ఖరీదు పద్దులోంచి కొట్టెయ్యి. నీకు అంతుపట్టకపోతే తెలియదని చెప్పి, మొక్కనిచ్చి మార్టేరు వరి పరిశోధన స్థానానికి పంపు.

ఒక్కటి మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. చేను వివరమేదీ చెప్పలేక, మొహం వేలాడేసుకుని, బాగా బలమైన మందు ఇమ్మనే మనిషికి మందు ఇవ్వకు. కూర్చోబెట్టి మాట కలుపు, ఇంటివాళ్ళకి కబురు పెట్టు. వాళ్ళు వచ్చేదాకా ఒంటరిగా వదలకు.

కూర్చోవడానికి బెంచీ అరుగు మీద వేయించు, మందుల వాసన తగలకుండా. టీ కూడా అక్కడే ఇవ్వు, డబ్బాలు పెట్టిన బల్ల మీద ఎప్పుడూ వద్దు. తెల్లవారి ఆరింటికల్లా తెరువు, చేను చూసి నేరుగా వచ్చేవాళ్ళుంటారు.

దాళ్వా, అంటే రబీ పంట, కోతలై కాలువలు కట్టేశాక నీకు తీరిక దొరుకుతుంది. అప్పుడు మిగిలిపోయిన, సీలు తియ్యని సీసాలు తెమ్మని కబురు పెట్టి, గడువు మించనివి వెనక్కి తీసుకుని పద్దులో జమ వెయ్యి. ఎవరు ఏ రకం వేశారో, ఏ తెగులు వచ్చిందో, ఏం ఇచ్చావో పేరు పేరునా ఒక పుస్తకంలో ఎక్కించు. జూన్‌లో నారుమళ్ళకి వచ్చినప్పుడు అది తీసి, "పోయినేడాది మీ చెరువు గట్టు చేలో పాముపొడ తెగులు వచ్చింది కదండీ" అని మాట మొదలుపెట్టు.

మీ మావయ్య