కత్తి ఇచ్చారు సరే, కథ ఇచ్చారా?

(డబ్బింగ్ థియేటర్లలో చాలాకాలం రాకుమారులకీ రాక్షసులకీ గొంతిచ్చిన మా శీర్షిక రచయిత్రి, ఈసారి జానపద, ఫాంటసీ సినిమాల మీద వచ్చిన ఉత్తరాలకి జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: అక్కా, మా పాప ఏడో తరగతి. సెలవుల్లో బాహుబలి రెండు భాగాలూ వరసగా చూసింది. అంతా అయ్యాక “అమ్మా, అవంతిక ఏమైపోయింది?” అని అడిగింది. నాకేం చెప్పాలో తోచలేదు.
– వి.ఎల్., తణుకు

జవాబు: మీ పాపకి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండమ్మా. పెద్ద పెద్ద విశ్లేషణలు రాసినవాళ్లలో కూడా ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ.

2015లో వచ్చిన మొదటి భాగంలో అవంతిక ఎవరు? దేవసేనని చెర విడిపించడానికి అడవిలో దాక్కుని పోరాడే దళంలో మనిషి. మాహిష్మతికి వెళ్లే పని తనకే కావాలని పట్టుబట్టి, చివరికి సంపాదించుకుంటుంది. అంతవరకూ బాగుంది. తర్వాతే వచ్చింది చిక్కు. నీళ్లలో చెయ్యి వేలాడేసి నిద్రపోతుంటే హీరో శివుడు ఆమెకి తెలియకుండా ఆ చేతి మీద బొమ్మ గీస్తాడు. ఇంకోసారి ఎదురుపడితే ఆమె కత్తి దూస్తుంది. ఆ పోట్లాటలోనే జుట్టు విప్పి, బట్టల తీరు మార్చి, పెదాలకి రంగు పూసి, ఆమెని ‘అందంగా’ తయారు చేస్తాడు. వెంటనే పాట. ఆ పాట అయ్యేసరికి దేవసేనని విడిపించే బాధ్యత శివుడి భుజం మీదికి వెళ్లిపోయింది. ఆ సన్నివేశం మీద అప్పట్లో పత్రికల్లో పెద్ద గొడవే జరిగింది. అతను ఆమె ఒప్పుకోలు అడగలేదన్నది అందరూ అన్నమాట, నిజమే. నాకు మాత్రం అంతకంటే ఎక్కువ గుచ్చుకున్నది ఆమె చేతిలోని పని లాగేసుకోవడం. పని పోయాక 2017 నాటి రెండో భాగంలో ఆమెకి ఏం మిగులుతుంది? ఆఖరి యుద్ధంలో కాసేపు కనిపించింది, అంతే. పాపకి ఇదే చెప్పండి, అర్థం చేసుకుంటుంది.

అలాగని ఆ సినిమాలో ఆడవాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. పీకలదాకా నీళ్లలో మునిగిపోతూ పసిబిడ్డని పైకెత్తి పట్టుకున్న శివగామిని ఎవరు మర్చిపోతారు? దేవసేన సంగతి చూడండి. గుడి దగ్గర ఆడవాళ్ల ఒంటి మీద చెయ్యేసిన సేనాధిపతి వేళ్లు నరుకుతుంది. నిండు సభలో, సంకెళ్లతో, కడుపుతో నిలబడి, చేసింది తప్పు కాదని చెబుతుంది. అంతా ఆమే చేసింది. ఈలలు మాత్రం ఆ తర్వాత వచ్చి తల నరికిన బాహుబలికి పడ్డాయి. ఆ వేళ నేను చూసిన హాల్లో ఈల వేసినవాళ్లలో నా పక్క సీటు అమ్మాయిలూ ఉన్నారు. నేనూ వేసేదాన్నే, నాకు ఈల రాదు.

ప్రశ్న: మా రోజుల్లో జానపదాలు ఇంటిల్లిపాదీ చూసేవాళ్లం. స్త్రీ పాత్రలకి ఎంత గౌరవం! ఇప్పుడు కత్తులిచ్చి గంతులేయిస్తున్నారు. మీరేమంటారు?
– కె.ఆర్., విశ్రాంత ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: మాస్టారూ, నాకూ ఆ సినిమాలంటే ప్రాణమే. టీవీలో ‘శివశంకరీ’ వస్తే స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంటాను. కానీ గౌరవం అన్నారు చూశారూ, అక్కడ మీతో కొంచెం పోట్లాడాలి.

అదే జగదేకవీరుని కథ, 1961. దేవకన్యలు జలకాలాడుతుంటే హీరోగారు ఇంద్రకుమారి బట్ట కాజేస్తాడు. అది లేకపోతే ఆమె తిరిగి స్వర్గానికి వెళ్లలేదు. అలా మొదలైన కాపురం అది. పాటలు బాగుండబట్టి మనకి తప్పు తోచలేదు. 1990కి వచ్చేసరికి జగదేకవీరుడు అతిలోకసుందరిలో బట్ట బదులు ఉంగరం. ఉంగరం పోగొట్టుకున్న ఇంద్రజ భూమ్మీద ఇరుక్కుపోతుంది. కాకపోతే శ్రీదేవి ఆ ఉంగరం తిరిగి దక్కించుకోవడానికి వేసే ఎత్తులతోనే సినిమా సగం నడిచింది. ముప్పై ఏళ్లలో దేవకన్యకి కనీసం ప్రయత్నించే హక్కు దొరికింది.

పాతాళభైరవి, 1951. రాకుమారి ఇందుమతి ప్రేమిస్తుంది, ఎదురుచూస్తుంది, మాంత్రికుడు ఎత్తుకుపోతే కన్నీళ్లు పెట్టుకుంటుంది. అడుగు బయటపెట్టి సాహసం చేసేది తోట రాముడు. మరి ఆ కథలో అందరికంటే శక్తిమంతులెవరు? సాక్షాత్తూ పాతాళభైరవి. ఆవిడ తలుచుకుంటే కానిది లేదు. కానీ ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ముందు ప్రత్యక్షమై “నరుడా, ఏమి నీ కోరిక?” అని అడగాలి. రాముడు అడిగినా అదే, దుర్మార్గుడు అడిగినా అదే. నీ కోరిక ఏమిటమ్మా అని ఆవిడని అడిగినవాడు లేడు. ఆ వేషం గిరిజ వేసింది. ఆ తర్వాతే ఆవిడ హాస్యంలో మహారాణి అయింది.

అదే సినిమాలో రాముడి తల్లిగా వేసిన సురభి కమలాబాయిని గమనించారా? 1932లో మన మొదటి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి ఆవిడే. మగవాళ్లు ఆడవేషాలు కట్టే కాలంలో సురభివాళ్ల ఇంటి ఆడవాళ్లు రంగస్థలం ఎక్కి మగవేషాలు కూడా కట్టారు. అంత సత్తా ఉన్న మనిషికి తెర మీద దక్కింది కొడుకు కోసం బెంగపడే అమ్మ. ఎంత బాగా చేసిందన్నది వేరే విషయం.

నిజంగా గట్టి ఆడమనిషి కావాలంటే నన్నడిగితే బాలనాగమ్మ పేరు చెబుతాను. కుక్కగా మార్చి ఎత్తుకుపోయిన మాయావిని నోము వంకతో ఏళ్ల తరబడి దగ్గరికి రానివ్వదు. ఏడు సముద్రాల అవతల చిలుకలో వాడి ప్రాణం ఉందన్న రహస్యం వాడి నోటితోనే చెప్పిస్తుంది. ఆ తర్వాత కొడుకు వెళ్లి చిలుకని పట్టాడు, పేరు కొట్టేశాడు.

ప్రశ్న: నమస్తే అమ్మా. చిన్నప్పుడు బడిలో నన్ను ‘మాయల ఫకీరు’ అని ఏడిపించేవాళ్లు. మాంత్రికుడంటే గడ్డం, పొడుగు చొక్కా, పరాయి యాస. ఈ రకం సినిమాల్లో మావాళ్లు మామూలు మనుషుల్లా ఎప్పుడైనా కనిపించారా?
– ఎస్.ఎం., కర్నూలు

జవాబు: మిమ్మల్ని ఏడిపించినవాళ్లకి ఆ పేరు దొరికింది తోలుబొమ్మల దగ్గరా, బుర్రకథల దగ్గరా, ఆ తర్వాత సినిమాహాల్లోనూ. 1942లో జెమినీ సంస్థ తీసిన బాలనాగమ్మలో ఆ పాత్ర మాయల మరాఠీ. గోవిందరాజుల సుబ్బారావు వేస్తే పిల్లలు జడుసుకున్నారట. పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. ఫకీరు, మరాఠీ, నేపాళం... చెడ్డవాడు పొలిమేర అవతలి నుంచే రావాలి మన జానపదంలో. ఊళ్లోవాడైతే రాజుగారి బావమరిదిలా నవ్వులపాలవుతాడు తప్ప భయపెట్టడు.

విచిత్రమేమిటంటే, బుర్రకథ అనగానే తెలుగువాళ్లకి మొదట గుర్తొచ్చే పేరు షేక్ నాజర్. గుంటూరు దగ్గర పొన్నెకల్లు ఆయనది. పద్మశ్రీ అందుకున్న ఆ గొంతు వినడానికి ఊళ్లకి ఊళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవి. కథ చెప్పేచోట మీవాళ్లు దర్జాగా నిలబడ్డారు, కథ లోపలే చోటు దొరకలేదు.

ఉన్నంతలో నాకు నచ్చినవి రెండు. 2009లో అరుంధతి. అందులో ఫకీరు ఉన్నాడు, అన్వర్. షాయాజీ షిండే వేశాడు. ఈ ఫకీరు మాయలు చేసి ఎవరినీ ఎత్తుకుపోడు. పశుపతి పీడ మీద పోరాటంలో అరుంధతికి తోడు నిలుస్తాడు, ఆ పనిలో దెబ్బలూ తింటాడు. ఇన్నేళ్ల మాయల ఫకీరు బాకీ కొంత తీరినట్టే అనిపించింది. పనిలో పనిగా చెప్పాలి, ఆ సినిమా మొదటినుంచి చివరిదాకా ఆడమనిషి కథే. జేజమ్మ తన నెత్తి మీద కొబ్బరికాయలు కొట్టించుకుని ప్రాణం వదులుతుంది. ఆమె ఎముకతో ఆయుధం చేస్తారు. మళ్లీ పుట్టి ఆ ఆయుధం తనే పడుతుంది. పెళ్లికొడుకు పక్కన ఉంటాడంతే. అయినా జనం నోట్లో ఏం నిలిచింది? పశుపతికి రవిశంకర్ చెప్పిన “వదల బొమ్మాళీ”. మా వృత్తివాడి గొప్పే, కాదనను.

రెండోది బాహుబలి మొదటి భాగంలో అస్లాం ఖాన్. సుదీప్ వేశాడు. కాబూల్ నుంచి ఆయుధాలు తెచ్చే వ్యాపారి. కట్టప్పతో కత్తి కలిపి, ఆ పనితనానికి ముచ్చటపడి, బానిసత్వం నుంచి విడిపిస్తానంటాడు. తరతరాలుగా ఆ కొలువులో పడి ఉన్న మనిషిని ఆ మాట అడిగింది పరాయి దేశస్థుడు. ఒక్క సీనే, కానీ మర్యాద ఉన్న సీను. రెండో భాగంలో మళ్లీ వస్తాడేమోనని ఎదురుచూశాను. రాలేదు.

అదే సినిమాలో కాలకేయుల దగ్గరికొస్తే మాత్రం కథ మొదటికొచ్చింది. ఒళ్లంతా నలుపు పూసి, పళ్లు పాడుచేసి, గుంపులుగా వదిలారు. వాళ్ల కోసం మదన్ కార్కీ చేత కిలికి అని కొత్త భాషే తయారు చేయించారు. అంత కష్టపడి భాష ఇచ్చి, అందులో చంపుతాం, చెరబడతాం తప్ప ఇంకో మాట మాట్లాడించలేదు. ప్రభాకర్ పాపం ఎంత బాగా చేశాడంటే ఇంటిపేరు కాలకేయ అయిపోయింది.

ఇది నేను దగ్గర నుంచి చూసిన సంగతి కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఏమనుకోకండి. మద్రాసులో ఒక జానపదానికి క్రౌడ్ డబ్బింగ్‌కి పిలిచారు. హీరో కత్తి విసిరే సీనుకి రియాక్షన్లు, అంటే ఆ ‘హా’లూ ‘హుం’లూ ఆయాసాలూ, పొద్దుటినుంచి ఒక్కొక్కటీ మళ్లీ మళ్లీ తీశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అడవిజాతి ఆడవాళ్లం వచ్చాం. షీట్‌లో ఇలా ఉంది: ఆటవిక స్త్రీ 1, ఆటవిక స్త్రీ 2, ఆటవిక స్త్రీ 3. తెర మీద చూస్తే ఒకావిడ చంకలో బిడ్డతో మంటల్లోంచి పరిగెడుతోంది. “సార్, బిడ్డని పిలుస్తున్నట్టు ఒక పేరు వేసుకోనా?” అని అడిగాను. అద్దం అవతల నుంచి మైకులో జవాబొచ్చింది: “మాటలొద్దమ్మా, గోల చాలు.” గోల చేశాం. రెండు టేకుల్లో అయిపోయింది.

ప్రశ్న: ఆంటీ, మేం డాలస్‌లో ఉంటాం. 2023లో మత్స్యకన్య సినిమాలో హాలీ బెయిలీ అనే నల్లజాతి అమ్మాయిని పెట్టినప్పుడు మా తెలుగు వాట్సాప్ గ్రూపులో కూడా “కథని పాడుచేశారు” అని గోల. మీ అభిప్రాయం?
– పి.ఎన్., డాలస్

జవాబు: ఆ గ్రూపులోవాళ్లని ఒక్కటి అడుగు నాన్నా. మగధీరలో రాకుమారి మిత్రవింద కాజల్, ముంబై పిల్ల. దేవసేన అనుష్క, మంగళూరు పిల్ల. అవంతిక తమన్నా, మళ్లీ ముంబై. ముగ్గురూ మంచి నటులే, నాకే పేచీ లేదు. కానీ తెలుగు రాకుమారి అనగానే తెల్లటి మొహం వెతుక్కుని, తెలుగు రాకపోతే మాలాంటివాళ్లని పిలిచి గొంతు అతికించినప్పుడు “కథ పాడైంది” అని ఎవరూ ఉత్తరం రాయలేదే? మన ఊళ్లలో చామనఛాయ ఆడపిల్లలు రాణివాసంలో చెలికత్తెలుగా కూడా కెమెరాకి దూరంగానే నిలబడ్డారు. సముద్రం అడుగున తిరిగే పిల్ల రంగు గురించి మనం తగువులాడటం నాకు నవ్వొస్తోంది.

ప్రశ్న: మేడం, ఫాంటసీ షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. మెయిన్ రోల్ అమ్మాయి. ఫ్రెండ్స్ అందరూ ఒక మంచి కత్తి ఫైట్ పెట్టేయ్ చాలంటున్నారు. బడ్జెట్ టెన్షన్ ఒకటి. ఏం చెయ్యమంటారు?
– ఆర్., బి.టెక్. మూడో సంవత్సరం, వరంగల్

జవాబు: ఫైట్ పెట్టు, తప్పేం లేదు. పెట్టేముందు ఒకటి చూసుకో: ఆ పిల్ల ఇల్లు వదిలి బయల్దేరింది దేనికి? అది ఆమెకే కావలసిన పని అయ్యుండాలి, చివరిదాకా ఆమె చేతిలోనే ఉండాలి. కల్కి చూశావుగా, 2024. దీపికా పదుకొణె అంతటి నటి సినిమా అంతా కడుపు కాపాడుకుంటూ పరిగెత్తింది. ఆమె ఏమనుకుంటోందో నాకు చివరిదాకా అందలేదు. అన్నా బెన్ వేసిన కైరా కాసేపే ఉన్నా, ఏం కావాలో తెలిసిన పిల్ల. అందుకే చచ్చిపోతే బాధనిపించింది.

2025లో వచ్చిన మలయాళం లోకా కూడా చూడు, తెలుగులోనూ వచ్చింది. కల్లియంకాట్టు నీలి అంటే కేరళవాళ్లకి రక్తం తాగే యక్షి. కడమట్టత్తు కత్తనార్ అనే క్రైస్తవ పూజారి ఆమెని లొంగదీశాడని చెప్పుకుంటారు. డొమినిక్ అరుణ్ ఆ యక్షిని తీసుకుని, నువ్వెందుకిలా అయ్యావని అడిగాడు. కల్యాణి ప్రియదర్శన్ ఆ పాత్రని మనల్ని కాపాడే మనిషిగా నిలబెట్టింది. మనకీ అలాంటివాళ్లు బోలెడు. 1949 కీలుగుర్రంలో అంజలీదేవి రాక్షసి ఉంది. రాజుని వలలో వేసుకుని, రాత్రిళ్లు బయటికెళ్లి తినొచ్చే రాణి. అప్పటి సినిమా ఆమెని చంపేసి చేతులు దులుపుకుంది. నీకు కథ కావాలంటే అక్కడ తవ్వు, బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. రాత్రి, ఒక పాత గది, ఆకలి.

ఇంకోటి. ఆ అమ్మాయికి ఒక స్నేహితురాలిని పెట్టు, ఇద్దరూ కుర్రాళ్ల సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకోనీ. గుంపులో ఎవరైనా ఉంటే షీట్‌లో నంబర్లు వెయ్యకు, పేర్లు రాయి. ఫైట్ రియాక్షన్లు స్పాట్‌లోనే రికార్డ్ చేసుకో, పరిగెత్తిన మనిషి ఆయాసం తర్వాత ఎంత డబ్బిచ్చినా రాదు. ముసలి మంత్రసాని లాంటి పాత్రేదైనా ఉంటే చెప్పు, బస్సు చార్జీలిస్తే వచ్చి డబ్బింగ్ చెప్పి పోతాను.