మీ కిట్ తప్పు కాదు, ఫొటోయే వేరే విమానానిది

మీరు అతికిస్తున్న మోడల్ విమానం కిట్‌లో రెక్కలు మొదలు నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో ఉన్నాయి, ఫొటోలో మాత్రం చివరకు సన్నబడుతున్నాయి అని అడిగారు కదండీ. మీ కిట్ బ్రిటిష్ కంపెనీ డి హావిలాండ్ చేసిన డ్రాగన్ విమానానిది, అంటే డీహెచ్ 84. 1932లో మొదట ఎగిరింది. ఫొటోలోది దాని తర్వాత 1934లో వచ్చిన డ్రాగన్ రాపిడ్, డీహెచ్ 89. పేర్లు కలవడంతో చాలామంది ఇక్కడే పొరబడతారు. నేనూ పడ్డాను.

రెక్కలు చూసేశారు కాబట్టి ఇక చక్రాలు చూడండి. రాపిడ్‌లో ఇంజిన్ కింద నుంచి చక్రం దాకా ప్యాంటు తొడిగినట్టు పెద్ద తొడుగు ఉంటుంది. ఇంజిన్లూ వేరే. డ్రాగన్‌కి 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్లు, నాలుగు సిలిండర్లు. రాపిడ్‌కి 200 హార్స్‌పవర్ జిప్సీ సిక్స్‌లు, ఆరు సిలిండర్లు, అందుకే దాని ఇంజిన్ల ముక్కు పొడుగు.

"ఇంజిన్ తలకిందులుగా బిగించానా?" అని టెన్షన్ పడకండి. నిజం విమానంలోనూ సిలిండర్లు కిందికే వేలాడతాయి. అలాగైతే ప్రొపెల్లర్ ఇరుసు పైన ఉంటుంది, నేలకు తగలదు.

రంగు వేసేటప్పుడు ఒక్క మాట: బాడీ ప్లైవుడ్ పెట్టె, పైన గుడ్డ చుట్టారు. లోహం మెరుపు అస్సలు వద్దు. ఫొటో పక్కన పెట్టి కిట్ ప్రకారమే అతికించేయండి. రెక్కలు మాత్రం కోయకండి!