నెట్ బ్యాంకింగ్ ఫోన్‌లోకి వెళ్లిపోయింది, మరి బ్యాంకు ఉద్యోగాల సంగతి?

ప్రశ్న: మిర్యాలగూడలో చాలా ఏళ్లుగా ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఒకప్పుడు కరెంటు బిల్లు, రీచార్జి, డబ్బు పంపడం అన్నిటికీ నా దగ్గరికే వచ్చేవాళ్లు. ఇప్పుడు జిరాక్సులు, అప్లికేషన్లే మిగిలాయి. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరం, బ్యాంకు కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్తానంటోంది. నా సెంటర్‌కు పట్టిన గతే ఆ ఉద్యోగాలకూ పడుతుందేమోనని టెన్షన్. పంపమంటారా?

జవాబు: పంపండి. కోచింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని మాత్రం పంపకండి.

మీ గిరాకీ ఎక్కడికి పోయిందో మీకు తెలియంది కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టి, అవతలివాళ్ల అకౌంట్ నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఎక్కించి, ఆ పేరు యాక్టివేట్ అయ్యేదాకా ఆగి పంపే రోజుల్లో తెలిసినవాడి సాయం కావాల్సి వచ్చేది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది పెద్ద నోట్లు రద్దయ్యాయి, డేటా కూడా చవకైంది, ఇక ఆగలేదు. యూపీఐ లావాదేవీల సంఖ్య 2023 ఆగస్టులో నెలకు వెయ్యి కోట్లు దాటితే, 2025 ఆగస్టుకు రెండు వేల కోట్లు దాటింది. మీ సెంటర్‌లోనే చూడండి, కంప్యూటర్‌లో ఏ ఫీజు కట్టబోయినా చివరికి తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది, కట్టేదేమో ఫోన్ తీసి.

అయితే ఫోన్‌లోకి వెళ్లింది కస్టమర్ చేసే పని. దాని వెనక బ్యాంకు చేయాల్సిన పని తగ్గలేదు సరికదా పెరిగింది, ఎలాగంటే మీ వీధి కిరాణా కొట్టులో ఒకావిడ 500 స్కాన్ చేసిందనుకోండి. ఆమెకు డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, కొట్టులో సౌండ్ బాక్స్ పలకలేదు. ఆయన రాలేదంటాడు, ఈవిడ పోయిందంటుంది, వెనక ఇంకో నలుగురు సరుకులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆమె యాప్, ఆమె బ్యాంకు, మధ్యలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ, కొట్టాయన బ్యాంకు, సౌండ్ బాక్స్ ఇచ్చిన కంపెనీ, ఇంతమంది దగ్గర అదే 500కు ఎంట్రీ ఉండాలి, ఎక్కడో ఒకచోట తప్పిపోయింది. 2019లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నిబంధన ప్రకారం దుకాణానికి కట్టింది ఇలా ఇరుక్కుంటే ఐదు రోజుల్లోపు, మనిషికి పంపిందైతే మర్నాటికల్లా వెనక్కి పడాలి, గడువు దాటితే కస్టమర్‌కు రోజుకు 100 రూపాయలు ఇవ్వాలి. చాలావరకు సిస్టమే సరిచేసుకుంటుంది, సరిపడనివి మనుషులు కూర్చుని తేల్చాలి. నెలకు రెండు వేల కోట్ల లావాదేవీల్లో అవి ఎంత తక్కువ శాతమైనా ఎన్ని అవుతాయో మీరే లెక్కేయండి.

ఇలా అందరి దగ్గరి లెక్కలూ పోల్చి తేడా తేల్చే పనే రీకన్సిలియేషన్, ఆఫీసుల్లో రీకాన్ అంటారు. బీకాంలో చదివిన బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ గుర్తుందా అని మీ అమ్మాయిని అడగండి. ఇదీ అదే, కాకపోతే లక్షల వరుసలు ఉంటాయి. దీని పక్కనే కస్టమర్ ఫిర్యాదులు తేల్చే టీములు, అనుమానాస్పద లావాదేవీలు పట్టే టీములు, కేవైసీ టీములు ఉంటాయి. 2020 నుంచి వీడియోలోనే కేవైసీ చేయడానికి రిజర్వ్ బ్యాంక్ అనుమతించింది, అందులో పాన్ కార్డు చూపించమని అడిగి, ఎదుట ఉన్నది నిజంగా ఆ మనిషేనా అని చూసేది బ్యాంకు ఉద్యోగే. మన ఊళ్లవాళ్లతో తెలుగులో ఓపిగ్గా మాట్లాడగలిగిన పిల్లకు అక్కడ విలువ ఉంటుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లోనూ ఇలాంటి పనులకు బీకాం వాళ్లను తీసుకుంటారు. నిజం చెప్పాలంటే మొదట్లో జీతం గొప్పగా ఏమీ ఉండదు, నైట్ షిఫ్టులుంటాయి, కొన్ని కాంట్రాక్టు మీద ఉంటాయి. ఫిన్‌టెక్ (టెక్నాలజీతో డబ్బు సేవలందించే కంపెనీ) అని పేరు పెట్టి దుకాణాలు తిరిగి సౌండ్ బాక్సులు అంటగట్టే టార్గెట్ ఉద్యోగం ఇచ్చేవాళ్లూ ఉన్నారు, చేరేముందు రోజువారీ పని ఏమిటో సూటిగా అడగమనండి.

ఇక పరీక్షల విషయం. ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్‌లో క్లర్కు పోస్టుకు వయసు 20 నుంచి 28, పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్)కు 30 దాకా, రిజర్వేషన్ ఉంటే సడలింపు. క్లర్కు పరీక్ష ఇప్పుడు తెలుగులోనూ రాయొచ్చు. వయసు ఉంది కదా అని 28 వచ్చేదాకా అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో హాస్టల్ గదిలో ఉంచకండి, రెండు నోటిఫికేషన్ల దాకా గట్టిగా చదవనివ్వండి, ఆ తర్వాత ఉద్యోగం చేసుకుంటూ రాయొచ్చు. ఈలోగా రోజుకో గంట ఎక్సెల్ మీద పెట్టాలి. వీ-లుకప్ (VLOOKUP) ఫార్ములా వాడి రెండు షీట్లు పోల్చి తేడా పట్టడం, పివట్ టేబుల్ వేయడం చేతికి రావాలి, ఆపైన డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టాలి. ఇవన్నీ యూట్యూబ్‌లో తెలుగులోనే ఉచితంగా దొరుకుతాయి. ఉద్యోగం గ్యారంటీ అంటూ ఫిన్‌టెక్ డిప్లొమాకు లక్షల్లో అడిగేవాళ్లకు రూపాయి కూడా కట్టకండి.

ఇంకొకటి, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. టెలిగ్రామ్‌లో 'పేమెంట్ ప్రాసెసింగ్, ఇంటి నుంచే పని, నీ అకౌంట్ వాడుకోనిస్తే కమీషన్' అని ప్రకటనలు వస్తుంటాయి. సైబర్ మోసాల డబ్బు అలాంటి అకౌంట్ల మీదుగానే తిరుగుతుంది, పోలీసులు ముందుగా వచ్చేది ఆ అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి. కేసు అయిందంటే బ్యాంకు ఉద్యోగం ఆశ వదులుకోవాల్సి రావచ్చు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వొద్దని మీ అమ్మాయికే కాదు, ఆమె స్నేహితులకూ చెప్పండి.

మీ సెంటర్ గురించి మీరు అడగలేదు కానీ చెబుతాను. ఉపాధి కూలీ డబ్బులు అకౌంట్‌లో పడి, స్మార్ట్‌ఫోన్ లేక వేలిముద్ర వేసి తీసుకునే పెద్దవాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా చాలామందే ఉంటారు. బ్యాంకు తరఫున ఇలాంటివాళ్లకు డబ్బు ఇచ్చే కేంద్రం, అంటే కస్టమర్ సర్వీస్ పాయింట్, పెట్టుకునే వీలుందేమో మీ బ్రాంచి మేనేజర్‌నే నేరుగా అడగండి, మధ్యవర్తికి డిపాజిట్ కట్టకండి. ఆ పనికి బ్యాంకింగ్ శిక్షణ సంస్థ ఐఐబీఎఫ్ వాళ్ల బిజినెస్ కరెస్పాండెంట్ (బ్యాంకు ఏజెంట్) పరీక్ష ఒకటి ఉంది, ఎలాగూ చదువుతోంది కాబట్టి మీ అమ్మాయి చేత మీకు పాఠం చెప్పించుకోండి.