రానివాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తే పని జరుగుతుందా? మా చెరువు కాలువ అనుభవం

మీ కాలనీలో 40 ఇళ్ళు, మురుగు కాలువ పూడిక తీయించడానికి సగం మంది డబ్బు ఇవ్వడం లేదు, వాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తే సిగ్గుపడి ఇస్తారా అని అడిగారు. రాయకండి. మేము రాసి చేతులు కాల్చుకున్నాం.

మాది నెల్లూరు జిల్లాలో కలిగిరి వైపు ఒక చిన్న ఊరు. చెరువు కింద సేద్యం, మా పొలం ఆయకట్టు చివర. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే లోపే, వాగు నీళ్ళు చెరువుకు చేరే కాలువలో సర్కారు తుమ్మ కొట్టి పూడిక తీయాలి. ఇంటికొక మనిషి రావాలి, లేదా ఒక రోజు కూలి ఇచ్చుకోవాలి. మా తాత దీన్ని కుడిమరామత్తు అనేవారు.

ఒక ఏడాది 60 ఇళ్ళలో 23 ఇళ్ళవాళ్ళు రాలేదు. ఆ పేర్లన్నీ రాసి రామాలయం గోడకు అంటించాం. మర్నాడు, ఏనాడూ పనికి తప్పని ఒక పెద్దాయన దాన్ని చదివి, పార భుజాన వేసుకుని ఇంటి దారి పట్టారు. "ఇంతమంది రాకపోతే నేనొక్కడినే వెర్రివాడినా అబ్బాయ్?" అన్నారు. మేము నింద అనుకుని రాసింది ఆయనకు తలల లెక్కలా కనిపించింది. అమెరికాలో అరిజోనాలోని శిలాజ వనంలో రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఇలాంటిదే పరీక్షించి చూసింది. రాతిగా మారిన చెట్ల ముక్కలను "గతంలో చాలామంది పట్టుకుపోయారు" అని వాపోయే బోర్డు పెడితే, ఊరికే "తీయవద్దు" అన్న బోర్డు పెట్టినప్పటి కంటే ఎక్కువ ముక్కలు పోయాయి!

మరుసటి ఏడాది నేనే ఇల్లిల్లూ తిరిగాను. నలుగురిలో కాదు, విడివిడిగా, రెండే ప్రశ్నలు. మీరు వస్తారా? మిగతావాళ్ళలో ఎంతమంది వస్తారనుకుంటున్నారు? మొదటిదానికి 40 మందికి పైగా వస్తామన్నారు. రెండోదానికి వాళ్ళే "ఇరవై మంది వస్తే గొప్ప" అన్నారు. అందరూ వచ్చేవాళ్ళే, అందరికీ పక్కవాడి మీదే అనుమానం. ఎంతమంది ఒప్పుకున్నారో గుడి మైకులో చెప్పించాం. ఆ వారం కాలువ బాగైంది.

మా ప్రాంతంలో ఇది కొత్త సంగతేమీ కాదు. మా మేనత్త వయోజన విద్య రాత్రి బడికి వెళ్ళేది. భర్త తాగుడు తన ఒక్కదాని ఖర్మ అనుకుని ఇంట్లో ఏడ్చుకునేది. బడిలో సారా గురించిన పాఠం చదివాక, పక్కన కూర్చున్నవాళ్ళదీ అదే ఏడుపని తెలిసిందట. అలాంటి ఆడవాళ్ళే సారా వద్దని ఉద్యమం చేశారు. ఆ ఉద్యమం అనగానే ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరూ చెబుతారు, చెప్పాలి కూడా. కానీ ఆమె వెనుక నిలిచిన వందల మందికి ఆ ధైర్యం ఒకరి మనసు ఒకరికి తెలియడం వల్లే వచ్చిందని నా నమ్మకం. ముందు మా జిల్లాలో, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

అందరి సంగతీ అనుమానమే అనుకోకండి. మా ఊళ్ళో తూము పక్క పొలాలవాళ్ళు ఇద్దరున్నారు. చెరువు సగం నిండినా వాళ్ళ మడి తడుస్తుంది, ఇంక ఎందుకు వస్తారు? వాళ్ళతో మాటలు పనిచేయలేదు. పనికి రానివాళ్ళ నీళ్ళ వంతు చివరికి పోతుందని ఊరంతా కూర్చుని ఒప్పందం చేసుకున్నాక వచ్చారు. అదీ ముఖం ముడుచుకునే.

మీరూ ముందు 40 గడపలూ తొక్కండి. అంకె పెంచి మాత్రం చెప్పకండి, డబ్బు లెక్క తేలిన రోజున దొరికిపోతారు. నిజంగానే పదిమందే ఒప్పుకుంటే దాన్ని చాటింపు వేయకుండా, ఆ పదిమంది డబ్బుతో వాళ్ళ ఇళ్ళ ముందు వరకే పూడిక తీయించండి. ఒక వాన పడనివ్వండి, మళ్ళీ వెళ్ళి అడగవచ్చు.